యమున నది కాదు

కుక్క మొరిగినందుకు ఈదమ్మ రెండోసారి ఏడవాల్సి వచ్చింది.

మొదటిసారి ఏడ్చింది బాగానే వచ్చిందట. గొంతు బాగుందట, సాగదీత బాగుందట. కానీ సరిగ్గా నడిమధ్యలో పటేలు పెంపుడు కుక్క మొరిగి చెడగొట్టింది. పటేలు కొడుకు శ్రవణ్ కుమార్ చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు తీసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఈదమ్మా, జర మల్లొక్కపారి. కుక్కను పెరట్ల కట్టేయిస్త. మొన్న నాయనమ్మ శవం కాడ ఏడ్చినవు గదా, గట్లనే రావాలె. నడుమల 'యమునా, యమునా' అన్నవు సూడు, అది మస్తుంది. అది మాత్రం మరువకు."

ఈదమ్మ తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చుంది. కుక్కను కట్టేశాక మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఇంకా బాగా వచ్చింది. శ్రవణ్ బొటనవేలు పైకెత్తి చూపించి లోపలికి వెళ్ళిపోయాడు. ఈదమ్మ ఆ ఇంటి గడపకు దూరం నుంచే దండం పెట్టి, తమ వాడ మాదిగగేరికి నడిచింది.

ఆ దండం ఎందుకో తెలియాలంటే యమున ఎవరో తెలియాలి.

యమున ఈదమ్మ కూతురు. అప్పటికి దాన్ని మట్టిలో పెట్టి వారం కూడా కాలేదు.

ధరూర్ మండలంలో కృష్ణ వైపున్న ఆ ఊళ్ళో, పెద్దింట్లో ఎవరైనా పోతే మాదిగగేరి నుంచి ఆడవాళ్ళు వచ్చి వాకిట్లో కూర్చుని ఏడవాలి. దానికి కూలి లేదు. బతిమాలడం అసలే లేదు. జీతగాడు వచ్చి "శోకానికి రమ్మంటున్నరు" అని చెప్పి పోతాడు, అంతే. ఇంటివాళ్ళకు వేరే పనులుంటాయి. హైదరాబాదు నుంచి రావలసిన వాళ్ళకు ఫోన్లు చేయాలి, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయాలి, ముసలామె ఒంటిమీది బంగారం ఎవరి చేతికి పోతుందో కనిపెట్టాలి. ఏడుపు పని గేరిది. వెట్టి పోయిందని పుస్తకాల్లో రాసుకున్నాం. పశువుల కాడ పోయిందేమో గాని, కన్నీళ్ళ కాడ పోలేదు.

ఆ పనిలో ఈదమ్మను మించినవాళ్ళు లేరు. పోయినవాళ్ళు తిన్న తిండి, కట్టిన చీర, నడిచిన తోవ, అన్నీ అప్పటికప్పుడు అల్లి పాడుతుంది. పోయిన మనిషి ఎంత చెడ్డదైనా ఈదమ్మ నోట్లో పడితే దేవత అయిపోవాల్సిందే. పటేలుకు అది గొప్ప. చుట్టాల ఊళ్ళలో చావు జరిగితే, ఎడ్లను అరువిచ్చినట్టు, ఈదమ్మను ట్రాక్టరెక్కించి పంపేవాడు. "మా ఈది ఏడిస్తే శవం కూడా లేచి ముక్కు చీదుకోవాలె" అని నవ్వేవాడు.

యమునకు తల్లి గొంతు రాలేదు, తల్లి మొండితనం వచ్చింది. బడికి పోతానని ఏడ్చేది. కానీ ఆ ఏడు పటేలు సీడుపత్తి వేశాడు. విత్తనం కోసం పెంచే పత్తిలో మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో రుద్దాలి. క్రాసింగు పని అంటారు. ఆ పనికి చిన్న వేళ్ళు కావాలి. "మొక్కంత ఎత్తు పోరగాండ్లయితే నడుం వంచే బాధ లేదు" అని కంపెనీ తరఫున తిరిగే ఆర్గనైజరు ఊరూరా చెప్పేవాడు. గద్వాల చుట్టుపక్కల ఆ పత్తి పూసే నెలల్లో బడుల్లో ఆడపిల్లల వరుసలు ఖాళీగా ఉండేవి. టీచర్లకు తెలుసు, ఆఫీసర్లకు తెలుసు, ఆ రోడ్డు మీద బస్సులో పోయే మనందరికీ తెలుసు. పచ్చటి చేలో ఎర్రటి రిబ్బన్లు కదులుతుంటే కిటికీలోంచి చూసి, ఎంత బాగుందో అనుకున్నవాళ్ళం మనమే.

యమున పోయిన రోజు పక్క సాళ్ళలో పురుగుమందు కొడుతూనే ఉన్నారు. పిల్లలను బయటికి పంపలేదు. పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, పని ఆగకూడదు. యమున ఆ చేతులతోనే సద్ది తిన్నది. గట్టు మీద కూలబడి, "అమ్మా, చెట్లన్నీ తిరుగుతున్నయే" అన్నది. వాంతులు మొదలయ్యాయి. గద్వాల దవాఖానకు పోదామని ఆటోలో వేసుకున్నారు. సగం దారి దాటక ముందే ఒళ్ళో బిడ్డ బరువు మారిపోయింది. ఆటోవాడు అద్దంలో చూసి, ఏమీ అడగకుండా బండి వెనక్కు తిప్పాడు.

"వాంతులు భేదులయి పోయింది. ఎవరడిగినా గంతే చెప్పు" అన్నాడు పటేలు. ఈదమ్మ అంతే చెప్పింది. ఎవరూ అడగలేదనుకోండి. మట్టిపనికి పూణే దిక్కు పోయిన మొగుడు బయలుదేరి వచ్చేసరికి గుంత పూడ్చేశారు.

మర్నాడే పటేలు తల్లి పోయింది. జీతగాడు గేరికి వచ్చాడు. ఈదమ్మ పక్కింటి సాయమ్మ వాణ్ణి తడిక దగ్గరే ఆపేసింది.

"దాని బిడ్డను మన్నుల పెట్టి ఇంక పొద్దు తిరగలేదు. మైలల ఉన్నదాన్ని ఎట్ల పిలుస్తర్రా? మీకు బుద్ధుందా?"

"నన్నేం జెయ్యమంటవే అవ్వా. పటేలు అననే అన్నడు. మైల మాకెట్ల అంటుతది, అది కూసునేది వాకిట్లనే గదా అని."

ఈదమ్మ లేచి వెళ్ళింది. మెట్ల మీద నిలబడి ఉన్న పటేలు ఆమెను చూసి ఒక్క మాట అన్నాడు. "ఎట్లాగూ ఇంటికాడ ఏడుస్తనే ఉంటివి. గదేదో ఈడ గూసుని ఏడువు."

ఏడ్చింది. "నా పెద్ద పటేలమ్మా, పట్టుచీరల మారాణీ" అని మొదలుపెట్టింది. ఎక్కడ తప్పిందో ఆమెకే తెలియదు. పట్టుచీర రాణి కాస్తా చిరిగిన గౌను పిల్ల అయింది. నోట్లోంచి "యమునా" అని వచ్చేసింది. ఒకసారి కాదు, ఆపుకోలేక పదే పదే వచ్చింది. పెద్దింటి శవం ముందు మాదిగపిల్ల పేరు పెట్టి ఏడ్చింది! ఇక చెప్పు దెబ్బలేననుకుంటూ తలెత్తి చూసింది. ఎవరూ పట్టించుకోలేదు. అరుగు మీద శ్రవణ్ మాత్రం అరచేతిలో ఏదో చిన్న మిషను పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు.

అందుకే, నాలుగు రోజులు పోయాక అతనే పిలిపించి, "యమునా అన్నది మరువకు" అన్నప్పుడు ఈదమ్మకు గుండె నిండిపోయింది. ఆ ఇంట్లో ఒక్కడికి తన బిడ్డ పేరు తెలుసు. వాళ్ళ చేలో ఒరిగిపోయిన పిల్లను ఒక్కడు తలుచుకున్నాడు. వాళ్ళ వాకిట్లోనే, వాళ్ళ ఎదుటే, బిడ్డ కోసం ఏడవమని నోరు తెరిచి చెప్పాడు. గేరికి వచ్చి సాయమ్మతో అన్నది, "అందరొక్క తీరు ఉండరే అవ్వా. చిన్నపటేలు మనిషి."

యమున దినం నాడు ఈదమ్మ ఊరి పొలిమేరకు వెళ్ళింది. గేరిలో పెద్దవాళ్ళ నుంచి వస్తున్న పద్ధతి అది. దినం అయిపోయాక కన్నతల్లి పొలిమేర దగ్గర ఒక్కసారి బిడ్డను పేరు పెట్టి పిలవాలి. "ఇగ పిలువను, పో నాయినా" అని మాటివ్వాలి. ఆ తర్వాత పేరు ఎత్తకూడదు. ఎత్తితే పోయిన పిల్ల అటు పోనూ లేదు, ఇటు రానూ లేదు. పిలిచిన చోటికల్లా తిరుగుతూ నడిమధ్యలో ఉండిపోతుంది. బతికినన్నాళ్ళూ యమున అమ్మ పిలిస్తే చాలు ఎక్కడున్నా ఉరికి వచ్చేది. ఈదమ్మకు అదే భయం. మాటిచ్చింది. ఏడాది నిలబెట్టుకుంది. ఏడుపొచ్చినా పేరు లేకుండానే ఏడ్చింది.

ఏడాది తిరిగింది. ఆ అక్టోబరులో వరదలొచ్చి అలంపూరు మునిగింది. నీళ్ళు తీశాక ఒకరోజు ఈదమ్మ గద్వాలకు షేర్ ఆటోలో పోతోంది. నడిపేది మహమూద్, అదే యమునను ఒళ్ళో పెట్టుకుని ఎక్కిన ఆటో. అతని జేబులో ఫోను మోగింది.

"యమునా... యమునా..."

ఈదమ్మ గొంతే. దూరం నుంచి, బావిలోంచి వచ్చినట్టు. వెనకాల డప్పు లేదు, తాళం లేదు. మబ్బు కదిలినట్టు మెల్లగా జరిగే కీబోర్డు మోత, దాని మీద ఎవరో పట్నం పిల్ల గుసగుస.

"బండాపు!" అని అరిచింది ఈదమ్మ.

"ఏమైందక్కా? కడుపుల తిప్పుతుందా?"

"అదేంది? నీ జేబుల అదేంది?"

"రింగ్‌టోనక్కా. కొత్త ఆల్బం. మీ ఊరి శ్రవణ్ సారు, వనపర్తి మిస్బా మేడం, ఇద్దరే కలిసి చేసిన్రు. వాళ్ళ జంట పేరు నీలిపొగ అంట, ఆల్బం పేరు ఒడ్డు. మొబైల్ దుకాణంల అందరి ఫోన్లకు ఎక్కిస్తున్నరు. యమున నది మీద పాటంట." మహమూద్ నవ్వాడు. "నిద్ర మంచిగ పడతదక్కా, మా ఇంటామె గిది పెట్టుకునే పంటది."

పక్కన కూర్చున్న పిల్లవాడెవడో తన ఫోనులోనూ ఉందని మోగించి చూపించాడు. యమునా. గద్వాల బస్టాండులో మోగింది. బట్టల దుకాణంలో మోగింది. ఈదమ్మ చెవులు మూసుకుని నడిచింది. పొలిమేరలో మాటిచ్చిన గొంతు మాట తప్పి, ఊరూరా, జేబుజేబులో బిడ్డను పిలుస్తోంది. ఎవడికో అప్పుల వాడు ఫోను చేస్తే యమున రావాలి. ఎవతెకో మొగుడు మిస్డ్ కాల్ ఇస్తే యమున ఉరకాలి. ఆ పిల్ల ఎన్ని దిక్కులకు ఉరుకుతుంది?

నది! అతను తలుచుకున్నది నదిని. తమ పొలంలో పని చేసిన పిల్ల పేరు ఆ ఇంట్లో ఒక్కడికీ తెలియదు. కృష్ణ ఒడ్డున పుట్టి, కృష్ణ నీళ్ళు తాగి, కృష్ణలోనే బట్టలుతికే ఆడది ఎక్కడో ఉత్తరాన ఉన్న యమున కోసం గుండెలు బాదుకుంటుందా అని ఆ చదువుకున్న ఇద్దరికీ అనుమానం కూడా రాలేదు.

ఈదమ్మ పటేలు వాకిట్లో నిలబడింది. "పటేలా, చిన్నపటేలుకు జర చెప్పుండ్రి. పాటల కెల్లి నా బిడ్డ పేరు తీసెయ్యమని. ఇంకేం అడుగ."

"ఏందే, హక్కులు మాట్లాడుతున్నవు?" పటేలు పళ్ళపుల్ల తీసి ఉమ్మేశాడు. "నా వాకిట్ల ఏడ్చినవు, నా అమ్మ కోసం ఏడ్చినవు. గాలిల కలిసిన ఏడుపు ఎవనిదే? రేపు చేన్ల వీసిన గాలి గూడ నాదే అంటవా? పో, వనపర్తిల వాళ్ళ ప్రోగ్రామున్నది. గాడికి పోయి అడుగు. నిన్ను జూస్తే పిచ్చి పోరగాండ్లు సంబరపడ్తరు."

పటేలు చెప్పింది నిజమే. శ్రవణ్ సంబరపడ్డాడు. వరద బాధితుల కోసం వనపర్తి కాలేజీ హాల్లో పెట్టిన సభ అది. అలంపూరు నుంచి వ్యానులో తెచ్చిన వాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టారు, వెనకవాళ్ళకు కనపడాలి గదా. ఈదమ్మ వచ్చిన పని చెప్పకముందే ఆమెను కూడా అక్కడే కూర్చోబెట్టి, పిలిచినప్పుడు స్టేజి ఎక్కమన్నారు. పాట మొదలైంది. పక్కనున్న ముసలామె, పేరు జమీలాబీ, ఇల్లు మొత్తం తుంగభద్ర పాలైన మనిషి, కొంచెం సేపు విని ఈదమ్మ చెవిలో అడిగింది.

"ఎవలు పోయిన్రు బిడ్డా ఈ పాడేటామెకు?"

ఈదమ్మకు ఆ హాలంతటిలో పాట అర్థమైన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది. "నా పిల్ల" అన్నది. జమీలాబీ ఆమె చేయి పట్టుకుని వదల్లేదు, స్టేజి మీదికి పిలిచేదాకా.

మైకు దగ్గర ఒక లెక్చరరు చెబుతున్నాడు. "కృష్ణా తీరపు పల్లె స్త్రీ యమునా నదిని తలచుకుని పరవశించడం జాతీయ సమైక్యతకు నిదర్శనం!" చప్పట్లు. మిస్బా మైకు తెచ్చి ఈదమ్మ చేతికిచ్చింది. "అమ్మా, ఆ యమునా అనేది ఒక్కసారి మీ నోటితోని వినిపించండి."

ఈదమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"యమున నది కాదమ్మా. నా బిడ్డ. వీళ్ళ సీడుపత్తిల పని జేసింది. మందు గొడుతున్న చేన్ల కెల్లి బయటికి పంపలె. సచ్చిపోయింది. ఇగ దాన్ని పిలువనని మాటిచ్చిన. దాన్ని పిలువొద్దు. మీ కాల్మొక్త, తీసెయ్యుండ్రి. తీసెయ్యుండ్రి."

మైకుకు పాట కోసం పెట్టిన ప్రతిధ్వని అట్లాగే ఉంది. తీసెయ్యుండ్రి... య్యుండ్రి... ండ్రి... అని హాలు నాలుగు మూలలా తిరిగింది. శ్రవణ్ చేతులు అలవాటు కొద్దీ కీబోర్డు మీదే ఉన్నాయి. ఆమె గొంతు ఆగిన చోట ఒక మెట్టు నొక్కి, దాన్ని సాగనిచ్చాడు. తర్వాత చప్పట్లు. లేచి నిలబడి కొట్టారు. ముందు వరుసలో ఒక్క జమీలాబీ కొట్టలేదు.

స్టేజి వెనక మిస్బా ఈదమ్మను కావలించుకుని నిజంగానే ఏడ్చింది. "మాకు తెల్వదమ్మా, కసమ్. తప్పకుండ ఏదో ఒకటి చేస్తం."

"ఏదో ఒకటి ఒద్దు బిడ్డా. పేరు తీసెయ్యి, గంతే."

"తీసేస్తే యమున గుర్తు ఉండదు గదమ్మా" అన్నాడు శ్రవణ్, చాలా మెత్తగా. "పది మందికి తెలవాలె."

చేశారు, ఏదో ఒకటి. కొన్ని నెలలకు ఆ ఆల్బం మళ్ళీ విడుదలైంది. యమున పాట అట్లాగే ఉంది. చివర్లో కొత్త పాట ఒకటి చేరింది. అందులో సీడుపత్తి లేదు. మందు లేదు. "వీళ్ళ" అన్న మాట లేదు. అవన్నీ శుభ్రంగా కోసేశారు, కుక్క అరుపును కోసినట్టే. మిగిలింది ఒక్క మాట. తీసెయ్యుండ్రి, తీసెయ్యుండ్రి అని అలలు అలలుగా, వింటే ఒళ్ళు జలదరించేలా. అట్ట వెనక "ఒక తల్లికి అంకితం" అని అచ్చు వేశారు. తల్లికి పేరు లేదు.

అంటే, తీసేయగల చేతులే అవి. తీసేయడం రాక కాదు.

ఆ తర్వాతి వేసవిలో పటేలు వాళ్ళ అన్న పోయాడు. జీతగాడు వచ్చాడు. ఈదమ్మ వెళ్ళి వాకిట్లో కూర్చుంది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. సాయమ్మ వీపు నిమిరింది, నీళ్ళు తాగించింది. ఊహూ, రాలేదు.

"ఏమే, గొంతుకు తాళం బెట్టుకొచ్చినవా?" అన్నాడు పటేలు.

"ఆమె నోరు పడిపోయింది పటేలా, ఇడిసిపెట్టుండ్రి" అన్నది సాయమ్మ.

"పడితే పడనీ. అది లేకుంటె మాకు నడువదా?" లోపలికి కేకేశాడు. ఎవరో పెద్ద స్పీకరు తెచ్చి అరుగు మీద పెట్టి, ఫోను తగిలించారు. ఈదమ్మ గొంతు వాకిలి నిండా మోగింది. యమునా అన్నది. చుట్టాలు కళ్ళు తుడుచుకున్నారు. ఆ గొంతు గల మనిషి శవానికి బారెడు దూరంలో నోరు తెరుచుకుని కూర్చుని ఉంది.

చివరి పాట వచ్చింది. తీసెయ్యుండ్రి, తీసెయ్యుండ్రి.

మన దగ్గర శవాన్ని కూడా "తీస్తారు" గదా. "ఎప్పుడు తీస్తరు?" అని అడుగుతారు గదా. మోసేవాళ్ళలో ఒకడు గడియారం చూసుకుని, "అగో, తీసెయ్యమంటుంది, పట్టుండ్రి" అన్నాడు. కొందరు ముసిముసిగా నవ్వారు. పాడె లేచింది. ఆ పూట నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. ధరూర్ నుంచి వనపర్తి దాకా ఇప్పుడు చాలా చావులకు పాడె ఎత్తే ముందు ఆ పాటే పెడుతున్నారు. తన బిడ్డ పేరు తీసెయ్యమని కాళ్ళు మొక్కిన తల్లి మాట, ఊళ్ళో శవాలు లేపడానికి ఈలలా పనికొస్తోంది.

ఈదమ్మ ఇప్పుడు ఎక్కడికీ ఏడవడానికి పోదు. పిలవడం లేదు, అవసరం పడడం లేదు. మామూలు మాట కూడా సైగలతోనే. సాయంత్రాలు పొలిమేర దగ్గర కూర్చుంటుంది. ఎటు నుంచైనా ఫోను మోగితే లేచి, ఆ దిక్కుకు చేయి అడ్డం ఊపుతుంది. రావద్దు, రావద్దు అన్నట్టు. తోవన పోయేవాళ్ళు పిచ్చిదనుకుంటారు. కొందరు కావాలనే మోగించి నవ్వుకుంటారు.

చదువుతున్న మీకు ఒక విన్నపం. ఇప్పుడే, ఈ పేజీ పక్కన పెట్టి మీ ఫోను చూడండి. ఆ పాట ఉంటే తీసెయ్యండి. మీ ఇంట్లో పిల్లల ఫోన్లలో ఉంటే, ఎందుకు తీయాలో చెప్పి తీయించండి. మీ ఊళ్ళో చావు దగ్గర ఎవరైనా ఆ పాట పెట్టబోతే స్పీకరు తీగ పీకండి, తిట్టినా సరే. రేపు పత్తి పూసే కాలం వస్తుంది. బస్సు కిటికీలోంచి చేలో ఎర్ర రిబ్బన్లు కనిపిస్తే బస్సు ఆపి దిగండి. ఆ పిల్ల బతికి ఉండగానే పేరు అడగండి. బడికి ఎందుకు పోలేదని ఆ చేను గలాయనను అడగండి. మీరు ఒక్కరే అయితే మళ్ళీ పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళండి.

ఈదమ్మ అడిగింది ఒకే ఒక్క మాట. దానికి చప్పట్లు కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట వినేవాళ్ళు కావాలి.